84 కేసులు

జనరల్ మెడిసిన్‌లో ఎండీ సీటు వచ్చినప్పుడు భయపడాల్సినవి చాలానే ఉన్నాయి. తెల్లవార్లూ డ్యూటీలు, ఐసీయూ, రాత్రి రెండింటికి గొంతులోకి ఊపిరి గొట్టం దించే ఇంట్యుబేషన్. మూడు నెలల్లో వాటికి అలవాటుపడ్డాను. అలవాటు కానిది థీసిసే. దానికి ముందు ఇవ్వాల్సిన ప్రణాళిక గురించి ఎవరైనా "సినాప్సిస్ ఎంతవరకు వచ్చింది?" అంటే చాలు, కడుపులో తిప్పేది. గైడ్ సర్ ఎదురొస్తున్నారంటే వేరే మెట్ల మీదుగా దిగిపోయేదాన్ని.

ఎంబీబీఎస్‌లో పరిశోధన మాకు ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పరీక్షలో ఒక చిన్న ప్రశ్నగా తగిలింది, అంతే. గణాంకాల్లో వచ్చే కై స్క్వేర్ ఫార్ములా బట్టీపట్టి రాసి, హాలు దాటగానే మర్చిపోయాం. పీజీలో చేరిన కొన్ని నెలలకే, ఆ మర్చిపోయినవాళ్లనే పరిశోధన ప్రణాళిక రాసి తెమ్మంటారు. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడిమియాలజీ వాళ్ల ఆన్‌లైన్ రీసెర్చ్ కోర్సు పీజీలందరికీ తప్పనిసరి. పాఠాలు బాగానే చెప్తారు. డ్యూటీ దిగి ఒంటిగంటకు వింటే నిద్ర కూడా అంత బాగానే పడుతుంది.

సర్ ఇచ్చిన అంశం పురుగుమందు తాగి వచ్చిన రోగులు. మాది పత్తి, మిర్చి పండే ఊళ్ల నడుమ ఉన్న ఆసుపత్రి కాబట్టి ఆ కేసులకు కొదవలేదు. శ్రీలంకలో తయారైన పెరడెనియా స్కోరు అని ఒకటి ఉంది. కంటిపాప, ఊపిరి వేగం, గుండె వేగం, కండరాల అదురు, స్పృహ, ఫిట్స్ అనే ఆరు లక్షణాలకు 0 నుంచి 11 దాకా మార్కులు వేయాలి. వచ్చిన వెంటనే వేసిన మార్కులను బట్టి, ఎవరికి వెంటిలేటర్ అవసరమవుతుందో ముందే చెప్పగలమా అన్నది నా ప్రశ్న.

శాంపిల్ సైజ్, అంటే ఎంతమంది రోగులను చూడాలన్న లెక్క దగ్గర పది రోజులు ఆగిపోయాను. చివరికి ఒక సీనియర్ అక్క క్యాంటీన్లో బిల్లు వెనక రాసి చూపించింది. మా ఐసీయూ రిజిస్టర్ తిరగేస్తే వందకు దాదాపు 30 మందికి వెంటిలేటర్ పెట్టినట్టు తేలింది. అటూ ఇటూ 10 శాతం తేడాకు ఒప్పుకుంటే, 4 × 30 × 70 లెక్కకట్టి 10 × 10, అంటే 100తో భాగించాలి. 84. "ఇంతేనా అక్కా?" అన్నాను. ఇంతేనట.

పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో డాక్టర్లు కానివాళ్లూ ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెప్తాయి. గణాంకాల మీద ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లాను. అవెవరూ అడగలేదు. వైద్యంతో సంబంధం లేని ఒక పెద్దాయన మాత్రం, "అమ్మా, పేషెంటుకు స్పృహ ఉండదు. పక్కన తల్లి ఏడుస్తుంటుంది. అప్పుడు సంతకం ఎలా అడుగుతావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ముందు వైద్యం, కుటుంబం తేరుకున్నాక వాళ్ల అనుమతి, రోగి కోలుకున్నాక మళ్లీ అతని అనుమతి అని ప్రోటోకాల్ మార్చి తెమ్మన్నారు. ఆ మార్పు వల్లే తర్వాత వార్డులో తలెత్తుకుని కాగితం ఇవ్వగలిగాను. మొదట నేను రాసిన తెలుగు అనుమతి పత్రమైతే ఒక ముసలమ్మ చదివించుకుని, "ఇది కోర్టు కాయితమా డాట్రమ్మా?" అంది. మొత్తం తిరగరాశాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి దారిలో ఏదో ఒక ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ అట్రోపిన్ పడి ఉంటుంది. అది పడితే సూదిమొనంత ఉన్న కంటిపాప పెద్దదవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఇక ఆ స్కోరుకు అర్థం లేదు. ప్రాణం నిలబెట్టిన ఇంజెక్షన్ చూసి అయ్యో నా కేసు పోయిందే అనుకున్న రాత్రులున్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గడువు దగ్గర పడేసరికి ఒక్కో రోగికి ఒక్కో వరస ఉండే మాస్టర్ చార్టులో 61 వరసలే ఉన్నాయి. థీసిస్ పరీక్షలకు ఆరు నెలల ముందే ఇవ్వాలి. నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఒకరిద్దరు సీనియర్లు చాలా మామూలుగా, "23 కేసులు రాయడానికి ఒక్క రాత్రి చాలు, ఎవరు చూస్తారు?" అన్నారు. ఒక రాత్రి ఎక్సెల్ తెరిచి 62వ వరసలో వయసు 34 అని కొట్టాను కూడా. లింగం అనే గడి దగ్గర చెయ్యి ఆగింది. లేని మనిషికి ఆడా మగా ఏమని రాయను?

చెరిపేసి, అదే ఫార్ములాలో 61 పెట్టి వెనక్కి లెక్కేశాను. 10 శాతం అనుకున్న తేడా 11.7 అయింది. ఇన్ని నెలలుగా నన్ను తినేసింది ఆ 1.7.

మర్నాడు నేనే సర్ గదికి వెళ్లి లెక్క చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది లిమిటేషన్స్‌లో, పరిశోధన లోపాలు చెప్పే చోట రాయి. అట్రోపిన్ వల్ల ఎంతమందిని వదిలేశావో ఆ సంఖ్య కూడా రాయి" అన్నారు. తిడతారనుకున్నాను. టీ తాగుతావా అన్నారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ థీసిస్ తెరిచి నేరుగా ఆ పేజీకే వెళ్లారు. "84 అని 61 ఏంటమ్మా?" చెప్పాను. "అవున్లే, అట్రోపిన్ పడ్డాక కంటిపాపలో ఏం చూస్తావు" అని పేజీ తిప్పి, ఈసీజీ చేతికిచ్చారు.