ఇవాళ పొద్దున ఎన్ని డబ్బాలు పనిచేస్తున్నాయి?

మాది భీమవరం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూసి, తగ్గితే నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా చేసి, కరెంటు పోతే రైతుకి ఫోన్ కొట్టే పరికరం తయారు చేస్తాం. దానికి మేం ఏదో గొప్ప పేరు పెట్టుకున్నాం గానీ రైతులు ‘డబ్బా’ అంటారు. ఇప్పుడు మేమూ అదే అంటున్నాం.

2024 మొదట్లో ఒక మెంటరింగ్ కార్యక్రమానికి దరఖాస్తు పెట్టాను. వేగంగా పెరుగుతున్న కంపెనీలను ఎంచుకుని, వ్యాపారంలో తలపండిన వాళ్ళను వాటికి జతచేస్తారు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సలహాల మీద మోజేం లేదు. పెట్టుబడి పెట్టేవాళ్ళ ఫోన్ నంబర్లు దొరుకుతాయని వెళ్ళాను. అంతకుముందు ఒకాయన హైదరాబాద్ హోటల్లో కాఫీ తాగించి, నలుగురిని పరిచయం చేస్తానని 3 శాతం వాటా అడిగాడు. ఇక్కడ మెంటర్లు పైసా తీసుకోరు, వాటా అడగరు అనేసరికి అనుమానం కూడా వచ్చింది.

తర్వాత తెలిసింది, ఈ పద్ధతి పాతదేనని. 1997లో మొదలైన ఎండీవర్ అనే సంస్థ లాటిన్ అమెరికాలో ఇదే పని చేసింది. అర్జెంటీనాలో మెర్కాడో లిబ్రే పెట్టిన మార్కోస్ గాల్పెరిన్‌ను 1999లోనే ఎంచుకుంది. ఆ కంపెనీ 2007లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కి ఎక్కింది. పైకొచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి, తర్వాత వచ్చేవాళ్ళకి తమ సమయం ఇవ్వాలన్నది వాళ్ళ లెక్క. ఎంపిక చేసే ప్యానెల్లో ఒక్కరు కాదన్నా కుదరదు, అందరూ ఒప్పుకోవాలి. మా కార్యక్రమమూ ఆ నియమమే పెట్టుకుంది.

నాలుగు నెలల్లో ఆరు ఫోన్ ఇంటర్వ్యూలు అయ్యాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, అందరికీ అదే కథ చెప్పాను. చివరికి హైదరాబాద్‌లో ఐదుగురి ముందు కూర్చున్నాను. 640 డబ్బాలు అమ్మాం, ఏటా అమ్మకాలు రెట్టింపు అవుతున్నాయి, గీత పైకి పోతోంది. చాలా ఏళ్ళు కంపెనీల ఆర్థిక వ్యవహారాలు చూసిన ఒక మేడమ్ కళ్ళద్దాలు తీసి, “ఇవాళ పొద్దున ఎన్ని పనిచేస్తున్నాయి బాబూ?” అన్నారు.

“640 అమ్మామండి.”

“అమ్మినవి అడగలేదు.”

ఆ లెక్క మా సర్వర్లోనే ఉంది. నేనే ఎప్పుడూ చూడలేదు. అక్కణ్ణుంచే ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేశాను. 371 అన్నాడు. గదిలో ఏసీ చప్పుడు వినిపించింది. వాళ్ళు కాదనలేదు, ఔననలేదు. మిగిలిన 269 ఎందుకు మూగబోయాయో తెలుసుకుని మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

తిట్టుకుంటూనే బండి తీశాను. కాళ్ళ, ఉండి, ఆకివీడు, అటు కైకలూరు దాకా చెరువు గట్లన్నీ తిరిగాను. కొన్ని చెరువులు పంట లేక ఎండబెట్టి ఉన్నాయి, అందులో మా తప్పేం లేదు. మిగతావి వేరే కథ. కాళ్ళ దగ్గర ఒక పెద్దాయన మోటారు షెడ్డులో మా డబ్బాకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. వైరు మాత్రం పీకేసి ఉంది.

“ఏం చేయమంటావు బాబూ? రాత్రి రెండింటికోసారి, మూడింటికోసారి ఫోన్ కొడుతుంది. ఆక్సిజన్ లేదంటుంది. పరిగెత్తుకొచ్చి చూస్తే రొయ్యలు శుభ్రంగా ఉంటాయి. మా ఆవిడ నన్ను తిడుతోంది, దాన్ని కాదు.”

వైరు పెట్టి, నీళ్ళలోంచి ఆక్సిజన్ కొలిచే సెన్సార్ పైకి లాగాను. మూతి మీద పచ్చటి జిగురు, నీళ్ళ తొట్టి గోడకి పట్టే పాచిలా. కదపకుండా మళ్ళీ ముంచి చూస్తే ఆక్సిజన్ 2.6 పీపీఎం (లీటరు నీళ్ళకి అన్ని మిల్లీగ్రాములు), అలారం మోగేంత తక్కువ. ఆయన భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని తుడిచి దించాను. పది నిమిషాలకి 4.9. ఆ పాచి తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ని తనే తినేస్తుంది, సెన్సార్ పాపం అదే చెబుతుంది. వారానికోసారి తుడవాలని మేం పుస్తకంలో రాశాం, 11వ పేజీలో. నేనే ఆ పేజీ మళ్ళీ తెరవలేదు, రైతు ఎందుకు తెరుస్తాడు?

మూడు నెలల తర్వాత ఆ తువ్వాలు కథ చెబితే ఐదుగురూ ఒప్పుకున్నారు.

ముగ్గురు మెంటర్లను ఇచ్చారు, ఆ కళ్ళద్దాల మేడమ్ కూడా వాళ్ళలో ఒకరు. నెలకోసారి రెండు గంటలు. మొదటి నాలుగు నెలలూ నరకమే. ఒకాయన గుజరాత్ వెళ్ళు, ఆ తర్వాత రొయ్యలు పెంచే ఈక్వెడార్ దేశం అంటారు. ఇంకొకరు పశ్చిమ గోదావరి దాటొద్దంటారు. ఎవరితో మాట్లాడితే ఆ నెల వాళ్ళ మాట నిజమనిపించేది. మా వాళ్ళు నన్ను చూసి “ఈ నెల ఎటు?” అని నవ్వుకునేవారు. చివరికి ముగ్గురినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టాను. నేను నోరు విప్పకుండానే ఇరవై నిమిషాల్లో వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు: జిల్లా దాటొద్దు. మెంటర్లున్న ఎవరికైనా నేను చెప్పేది ఇదొక్కటే, విడివిడిగా వినకండి.

మెంటర్లలో నెల్లూరు సార్ పాతికేళ్ళు రొయ్యల మేత అమ్మిన మనిషి. “మేత కంపెనీ కుర్రాడు వారం వారం గట్టు మీదికి ఎందుకెళ్తాడయ్యా? వలేసి రొయ్య తూకం చూడ్డానికి. మనిషి కనబడితేనే రైతు డబ్బిస్తాడు” అన్నారు. ఆయన మాట మీదే ఊళ్ళల్లో కుర్రాళ్ళని పెట్టాం, సెన్సార్ ఒకటి తుడిస్తే 50 రూపాయలు. నాలుగేళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్ చేయలేని పని గుడ్డముక్క చేసింది. ఇంజినీరుగా ఇప్పటికీ కొంచెం చిన్నతనంగానే ఉంటుంది.

మేడమ్ మాత్రం డబ్బు సంగతి వదల్లేదు. ఒక తెల్లకాగితం మీద గీత గీయించారు. సెన్సార్లకి మేం కట్టేది ముందే, నూటికి నూరు. డబ్బా రైతుకిచ్చేది అరువు మీద. పంట వంద రోజులు దాటాక పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అవుతుంది. వచ్చిన డబ్బులో ముందు మేత డీలరు, తర్వాత డీజిలు, లీజు, ఆఖర్న మేము. సగటున 140వ రోజు. అప్పటికి గట్ల మీద మాకు రావాల్సింది కోటీ పది లక్షలు. “ఎంత ఎక్కువ అమ్మితే అంత తొందరగా మునుగుతావు” అన్నారు. లాభం కాగితం మీద కనబడుతుంటే జీతాలకి ఎందుకు తడుముకుంటున్నానో ఆ రోజు అర్థమైంది.

42 వేలకి అరువు మీద అమ్మడం ఆపేసి, పంటకి ఇంతని అద్దె పెట్టాం, ముందు సగం కట్టాలి. అద్దెకివ్వాలంటే డబ్బాలు మా డబ్బుతో చేయాలిగా, అప్పు కావాలి. చిన్న కంపెనీల తాకట్టు లేని రుణాలకి సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ ట్రస్టు హామీ ఉంది, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 కోట్లకి పెంచారు కూడా. అయినా ఒక బ్యాంకు మేనేజరు మా నాన్న పొలం కాగితాలే అడిగాడు. మేడమ్ పక్కన కూర్చుని మూడుసార్లు దరఖాస్తు తిరగరాయించాక, ఇంకో బ్యాంకులో వచ్చింది.

ఆ డబ్బు చేతికొచ్చిన కొద్ది వారాలకే, 2025 ఆగస్టులో, మన రొయ్యలు ఎక్కువగా కొనే అమెరికా వేసే సుంకం 50 శాతానికి చేరింది. చాలామంది సీడ్ (రొయ్య పిల్లలు) వేయడం వాయిదా వేశారు. 90 డబ్బాలు వెనక్కొచ్చి మా గోడౌన్లో పేరుకున్నాయి. పాత పద్ధతిలో అరువు మీద అమ్మి ఉంటే వాటి డబ్బు కోసం గట్ల మీద తిరుగుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు డబ్బాలైనా నా దగ్గరున్నాయి. బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగవు, ఆ భయం ఇంకా ఉంది.

కాళ్ళ పెద్దాయన డబ్బా మళ్ళీ పెట్టించుకున్నారు, ఒక షరతు మీద. అలారం నంబరు ఆయనది కాదు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకుది. రాత్రి ఆక్సిజన్ పడిపోతే ముందు కొడుకు లేవాలి. అతను అమ్మకి ఫోన్ చేస్తాడు, ఆవిడ ఆయన్ని లేపుతుంది.