అట్టపెట్టెల కుందేళ్లు: జూలై దాకా జరిగిన పని

ఏప్రిల్

వేసవి సెలవులకి మా వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ లైబ్రరీ గదిలో కుందేళ్ల కుటుంబాన్ని అట్టతో చేసి నిలబెట్టే పని మొదలుపెట్టాను. పెట్టుకున్న షరతు ఒక్కటే, ప్రతి జంతువూ నిజంగా ఎంత ఉంటుందో అంతే ఉండాలి. పిల్లల బొమ్మల్లో అన్నీ ఒకే సైజులో, ఒకే నవ్వుతో, పొడవాటి కనురెప్పలతో కనిపిస్తాయి. ఏది ఏదో పెద్దవాళ్లకే తెలియదు. గందరగోళం లేకుండా బొరియల్లో బతికే రాబిట్‌ని కుందేలనీ, పొలాల్లో పరిగెత్తే హేర్‌ని చెవులపిల్లి అనీ పిలుస్తున్నాం.

అట్టకి కొరియర్ పెట్టెలు చాలు. లోపలి గీతలు నిలువుగా వచ్చేలా కోస్తేనే బొమ్మ నిలుస్తుంది. అడ్డంగా వస్తే నడుం దగ్గర వంగిపోతుంది. ఒకవైపే కాగితం అంటిస్తే ఆరేసరికి అట్ట విల్లులా వంగుతుంది కాబట్టి రెండువైపులా అంటించాలి. జిగురు మైదాతో ఇంట్లో కాచిందే. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు ముట్టుకునే వస్తువు కదా, అందుకే నేను వేయలేదు. కొంచెం కొంచెంగా కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నాను.

మే

మొదట మన చెవులపిల్లి. ఇది 40 నుంచి 70 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నాది 50. బెంగళూరు పక్కనే హెసరఘట్ట గడ్డిమైదానంలో ఉంటుంది కాబట్టి పిల్లలకి ముందు దీన్నే చూపించాలనుకున్నాను. రంగుకి ఎల్లో ఆకర్, ముదురు గోధుమ, కాస్త నలుపు. బ్రష్‌తో వేస్తే గోడకి సున్నం కొట్టినట్టుంది. పాత్రలు తోమే స్పాంజిని చిన్న ముక్క కోసి అద్దితే బొచ్చులా వచ్చింది.

మా మామగారిది ఒంగోలు వైపు పల్లె. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మెడ వెనక నల్లమచ్చ బాగా కనపడాలమ్మా, మన వైపు వాటికి అదే గుర్తు" అన్నారు. నిజమే, దక్షిణాది చెవులపిల్లికి మెడ వెనక నల్లగా ఉంటుంది. కందిచేలో అది కాళ్ల దగ్గరికి వచ్చేదాకా కదలకుండా పడుకుని, ఒక్కసారిగా ఎలా లేస్తుందో పిల్లలకి ఆయనే చేసి చూపించారు. బొరియ లేని జంతువుకి కదలకుండా ఉండటమే దాపు. ఆ ముక్క నేను చెబితే ఇంత బాగా ఎక్కేది కాదు.

వీటి కూనలు ఎలా ఉంటాయో చూపించడానికి రెండు తలుపుల అట్ట చేశాను. ఒక తలుపు తీస్తే బొరియలో కుందేలు కూనలు, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని. తల్లి తన పొట్ట మీది బొచ్చు పీకి పరిచిన గూడు కూడా ఉంది, దానికి దూది అంటించాను. రెండో తలుపు తీస్తే గడ్డిలో చెవులపిల్లి కూన, ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని. కుందేలు కూన తల్లి కడుపులో సుమారు 30 రోజులే ఉంటుంది. యూరప్ చెవులపిల్లి కూన 42 రోజుల దాకా ఉంటుంది.

జూన్

పికా అనే చిన్న జంతువు దగ్గర గొడవ మొదలైంది. 18 సెంటీమీటర్ల బొమ్మ, గుండ్రటి చిన్న చెవులు, పైకి కనిపించే తోక లేదు. "ఇది ఎలుక ఆంటీ" అన్నాడు మూడో ఫ్లోర్ బాబు. హిమాలయాల్లో రాళ్ల మధ్య బతుకుతుంది, కుందేలుకి చుట్టమేనని చెప్పినా, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు వాడు దిగడు.

అందుకని దవడ చేశాను. పై దవడ ముందు ఐస్‌క్రీం పుల్లల ముక్కలు రెండు, వాటి వెనకాలే అగ్గిపుల్ల ముక్కలు రెండు. ఎలుకకి పైన ముందుపళ్లు రెండే. కుందేలు, చెవులపిల్లి, పికాలకి నాలుగు, పెద్దవాటి వెనక చిన్నవి దాక్కుని ఉంటాయి. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా వీటన్నిటినీ ఎలుకల జట్టులోనే కలిపేవారు. 1912లో జేమ్స్ గిడ్లీ అనే అమెరికా శాస్త్రవేత్త వీటిది వేరే క్రమం (ఆర్డర్), అంటే జంతువుల్లో వేరే పెద్ద గుంపు అని వాదించాడు. ఎలుక దవడ కూడా చేసి పక్కన పెట్టాను. బాబు తనే వేలితో లెక్కపెట్టుకుని, "సరే, కానీ చూడ్డానికి ఎలుకే" అన్నాడు. ఆ మాత్రం చాలు.

గడ్డి కుప్ప మాత్రం సూపర్ హిట్. అమెరికా పికా చలికాలం నిద్రపోదు. ఎండాకాలంలోనే గడ్డీ పూలూ కోసి రాళ్ల కింద కుప్ప వేసుకుంటుంది. తోటమాలి కోసిన లాన్ గడ్డిని పిల్లలు టెర్రస్ మీద ఎండబెట్టారు. బాగా ఎండకపోతే బూజు పడుతుంది, రోజూ తిరగేయాలి. టిబెట్ పీఠభూమి పికా చలికాలంలో జడలబర్రె పేడ కూడా తింటుందని 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అది చెప్పగానే గదంతా "ఛీ" అని అరుపులు. పనిలో పనిగా కుందేలు తన మెత్తటి ఉండల్ని తనే మళ్లీ తింటుందనీ, మొదటిసారి ఒంటికి పట్టని పోషకాలు అప్పుడు పడతాయనీ చెప్పేశాను. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా అదే టాపిక్.

జూలై

వానల తేమకి అంచులు ఉబ్బాయి. అంచుల చుట్టూ పేపర్ టేపు వేసి, పైన వార్నిష్ పూస్తున్నాను. అస్సాం గరుకుబొచ్చు చెవులపిల్లి పూర్తయింది. దాని చెవులు పొట్టివి కాబట్టి కోయడం తేలిక. అమెరికా ఎడారి జాక్‌రాబిట్‌కి 15 సెంటీమీటర్ల చెవులు పెట్టాను, లోపల ఎర్ర రక్తనాళాలు గీశాను. ఒంట్లో వేడి ఆ చెవుల్లోంచి బయటికి పోతుంది. పొడవు చెవులు వాలిపోతుంటే వెనక సన్న వెదురు పుల్ల అంటించాను.

మిగిలింది స్పెయిన్ దగ్గరి మినోర్కా దీవిలో లక్షల ఏళ్ల కిందట అంతరించిన నురాలాగస్. 12 కిలోల రాకాసి కుందేలు, 2011లో దానికి పేరు పెట్టారు. దానికి కొరియర్ పెట్టె సరిపోదు. ఎవరైనా ఫ్రిజ్ కొంటే పెట్టె పారేయొద్దని సెక్యూరిటీకి చెప్పి ఉంచాను.