కరెంటు బిల్లు లేకపోతే కాపురమే లేదన్నారు

పోయిన గురువారం ఆర్డీవో ఆఫీసు ఆర్డర్ కాపీ చేతికొచ్చింది. ఎకరా ఇరవై గుంటలు. ఇరవై తొమ్మిదేళ్ళుగా మేం ఉంటున్న, దున్నుకుంటున్న చెలక ఇప్పుడు కాగితం మీద కూడా మాదే. బస్సులో కూర్చుని మూడుసార్లు చదివాను. మాలాగా తెల్లకాగితం పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా. 1996లో నాయిన ఈ భూమిని 22 వేలకు కొన్నాడు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, ఇద్దరు సాక్షులు వేలిముద్రలు వేశారు, అంతే. మా ఊళ్ళో అప్పట్లో రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకా పోయినవాళ్ళు తక్కువ. మరుసటి ఏడు ఊళ్ళోని వాటాల ఇల్లు అన్నదమ్ములకు వదిలేసి చెలకలోనే రేకుల ఇల్లు వేసుకున్నాం. ఊరు రెండు కిలోమీటర్లు. చివరి కరెంటు స్తంభం చెరువు కట్ట దగ్గరే ఆగిపోయింది. 2009లో నాయిన మీటరుకు పెట్టుకుంటే, పట్టా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళనే రమ్మన్నారు. మాకు భూమి అమ్మినాయన అప్పటికే కాలం చేశాడు. నాయిన మళ్ళీ అడగలేదు. కిరోసిన్ బుడ్డితో నెట్టుకొచ్చాం. 2012లో చిన్న సోలార్ పలక ఒకటి కొన్నాడు. ఇప్పుడు 330 వాట్ల పలకలు రెండు, 150 ఏహెచ్ బ్యాటరీ, బావి మీద సోలార్ మోటారు ఉన్నాయి. వంట గోబర్ గ్యాస్ మీద. ఎవరికీ నెలనెలా కట్టే పని లేదు. ఇంత హాయి ఎక్కడుందని అనుకునేవాణ్ణి. ఆ హాయే మా మెడకు చుట్టుకుంది, అది తర్వాత చెబుతాను.

మొదటి దెబ్బ 2017 చివర్లో భూ రికార్డుల ప్రక్షాళనతో తగిలింది. పాత పహాణీల్లో, అంటే ఏటేటా రాసే భూమి లెక్క పుస్తకాల్లో, పట్టాదారు పేరు ఒకచోట, అనుభవదారు పేరు ఒకచోట ఉండేవి. పట్టా అమ్మినాయనది, అనుభవం మా నాయనది. కొత్త పాస్‌బుక్కులు వచ్చేసరికి అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. 2018 వానాకాలం నుంచి రైతుబంధు మొదలైంది, ఎకరాకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. దున్నేది మేము, విత్తేది మేము, డబ్బు పడేది హైదరాబాద్‌లో ఉన్న అమ్మినాయన చిన్న కొడుకు ఖాతాలో. ఆయన ఈ మట్టి ఏ రంగులో ఉంటుందో కూడా చూసి ఎరగడు. ఇది ఈరోజుకీ నా గుండెలో ముల్లే.

2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా సాదాబైనామాల, అంటే మాలాగా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్ళ, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నారు. మీసేవలో అరగంట పని. ఆ రసీదు పారేయకుండా దాచడం నేను చేసిన పనులన్నిటిలోకీ తెలివైనది. దరఖాస్తులు పెడుతుండగానే అక్టోబర్ 29న కొత్త ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టం పోయాక దాని కింద ఎలా చేస్తారని హైకోర్టు ఆపేసింది. దాదాపు తొమ్మిది లక్షల దరఖాస్తులు మూలన పడ్డాయి. ఐదేళ్ళు. 2025లో భూభారతి చట్టం వచ్చి, ఆగస్టులో హైకోర్టు స్టే తీసేశాకే మళ్ళీ కదలిక వచ్చింది. 2020 నాటి ఆ గడువులో దరఖాస్తు పెట్టి ఉండాలి, 2014 జూన్ 2కు ముందు కొని ఉండాలి, పన్నెండేళ్ళుగా భూమి చేతిలో ఉండాలి. విచారణ చేసేది ఆర్డీవో.

ఈ ఐదేళ్ళ మధ్యలోనే, 2023లో, మా పక్కనుంచి రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టింది. అమ్మినాయన చిన్న కొడుకు జేసీబీతో దిగాడు. గట్టు తవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ జేసీబీ ముందు కూర్చుంది. పోలీసులు సివిల్ మేటర్ అని చేతులు దులుపుకున్నారు. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. అసలు యజమాని అయినా సరే, చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్ళగొట్టకూడదు. అలా వెళ్ళగొడితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ స్వాధీనం అడగొచ్చు. అక్కడ పట్టా ఎవరిదని కాదు, ఎవరిని బయటికి నెట్టారన్నదే చూస్తారు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా కుదరదు. మేం బయటికి పోలేదు కాబట్టి ఇంజంక్షన్‌తో, అంటే మా జోలికి రావద్దన్న కోర్టు ఆర్డర్‌తో, సరిపోయింది.

ఆ ఇంజంక్షన్‌కు పోయినప్పుడే ఒక వకీలు సారు అడ్డదారి ఒకటి చెప్పాడు. "కొన్నామని ఎందుకు చెప్తరు? పన్నెండేండ్లు దాటింది కద, కబ్జాల ఉన్నమని చెప్పుండ్రి. అడ్వర్స్ పొసెషన్ కింద భూమి మీదైతది" అన్నాడు. 1963 లిమిటేషన్ చట్టంలో ఆ మాట ఉంది. ప్రైవేటు భూమికి పన్నెండేళ్ళు, సర్కారు భూమికి ముప్పై ఏళ్ళు. 2019లో సుప్రీంకోర్టు కూడా, అలా హక్కు వచ్చినవాళ్ళు తామే దావా వేసి అడగొచ్చని చెప్పింది. నాకు ఒక్క నిమిషం ఆశ పుట్టింది. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేచింది. "మేము పైసలిచ్చి కొన్నం సారూ. కబ్జా పెట్టినమని నా నోటెంట రాదు" అంది.

ఇంటికొచ్చి నాలుగు రాత్రులు చదివాను. అమ్మ మాటే చట్టం మాట కూడా. ఆ హక్కు రావాలంటే యజమానికి ఎదురు నిలిచి, అందరికీ తెలిసేలా, మధ్యలో తెగకుండా ఉండాలి. కొనుగోలు ఒప్పందం మీద లోపలికి వచ్చినవాడు యజమాని ఇష్టంతో వచ్చినవాడే, ఎదురు నిలిచినవాడు కాదు. సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మేం కబ్జా అని చెప్పి ఉంటే ఆ తెల్లకాగితాన్ని మేమే చింపుకున్నట్టయ్యేది, సాదాబైనామా దరఖాస్తు కూడా అబద్ధం అయ్యేది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టించే వకీలుకు ఫీజు ఇవ్వకండి. మీరు భూమిలోకి ఎలా వచ్చారో అదే మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒకే మాటగా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), సర్వేయర్ మోకా మీదికి, అంటే భూమి దగ్గరికే, వచ్చారు. కొలతలు గంటలో అయిపోయాయి, హద్దులు సరిపోయాయి. తర్వాత గిర్దావర్ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని ఫైలు తెరిచాడు.

"కరెంటు బిల్లు?"

లేదన్నాను.

"ఇంటి నంబరు? ఇంటి పన్ను రసీదు?"

లేదు. ఇల్లు ఊరి బయట, పంచాయతీ నంబరు వెయ్యలేదు.

"నల్లా బిల్లు? గ్యాస్ బుక్కు?"

బావి చూపించాను. గోబర్ గ్యాస్ గుంత చూపించాను.

ఆయన పెన్ను మూసి, మా ఇంటి వైపు చూసి, "ఈ రేకులు మొన్న ఏసినట్టున్నయ్. బిల్లు లేనోళ్ళు ఈడ కాపురమున్నరని నేనెట్ల రాయాలె?" అన్నాడు. చుట్టూ పదిహేనుమంది ఊరివాళ్ళు ఉన్నారు. చిన్న కొడుకు కారుకు ఆనుకుని నిలబడ్డాడు. రేకులు నిజంగానే కొత్తవి, ముందు ఏడు గాలివానకు పాతవి లేచిపోతే మార్చాం. నోట మాట రాలేదు నాకు. డిగ్రీ చదివినవాణ్ణి, అన్ని సెక్షన్లూ నాలుక మీద పెట్టుకున్నవాణ్ణి, నా ఇంట్లో నేను ఉంటున్నానని చెప్పలేకపోయాను.

అమ్మ వచ్చి ఆయన కూర్చున్న కుర్చీ పక్కన చెట్టు మొదలు మీద చెయ్యి వేసింది. "సారూ, మీరు కూసున్న నీడ నేను పెట్టిన సెట్టుదే. నా బిడ్డ పుట్టినేడు పెట్టిన. బిడ్డకు ఇరవై ఏడేండ్లు" అంది. ఆయన తల ఎత్తి చెట్టు చూశాడు. ఏమీ రాయలేదు. "ఆధారం తెచ్చుకోండ్రి, వారం టైము" అని జీపెక్కాడు.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. మూడు పదుల ఏళ్ళు ఒక్క రూపాయి బాకీ లేకుండా బతికిన మనిషిని, బాకీ కాగితం లేదు కాబట్టి నువ్వు ఇక్కడ లేవు అంటే ఎలా ఉంటుంది? ఎండతో దీపం వెలిగించుకుని, తన బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళ కాపురానికి బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? ఈ దేశంలో తీగ లేని ఇంటికి కూడా మనుషుల ఇల్లు అనే లెక్క ఉండాలి. ఆ మాట నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

మర్నాడు పొద్దున్న రేకు పెట్టె బోర్లించాం. ఏమేం దొరికాయో చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. పాత మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (సరుకు అమ్మిన చీటీలు), పల్లికాయ అమ్మినవి, 2001 నుంచి పదకొండు. నాయన పేరు, ఊరు, బస్తాల లెక్క. సొసైటీలో యూరియా కొన్న రసీదులు. చెల్లెలి పోలియో చుక్కల కార్డు, దాని మీద ఏఎన్ఎమ్ (ఊరి నర్సు) చేతిరాతతో ఊరి పేరు పక్కన "బాయి కాడి ఇల్లు" అని. ఇంకొకటి, నేను మర్చిపోయినది. 2012లో కొన్న సోలార్ బ్యాటరీ వారంటీ కార్డు. ఎలుకలు ఒక మూల కొరికాయి. కొన్నవారి పేరు దగ్గర నాయన పేరు, తేదీ, దుకాణం ముద్ర. బిల్లు లేదన్నారు కదా, మా కరెంటు పుట్టిన రోజు కాగితం అదే. 2013లో పోయిన మనిషి వంకర సంతకం కింద కనబడగానే అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

అది చాలదని పాత పహాణీల నకళ్ళకు తహసీల్ ఆఫీసుకు పోయాను. కొన్నేళ్ళవి ఇచ్చారు, మిగతావి దొరకడం లేదన్నారు. సమాచార హక్కు చట్టం కింద ఆర్టీఐ దరఖాస్తు పెట్టాను. ఇరవై మూడో రోజున దొరికాయి! అడిగితే లేని పుస్తకం, రాసి అడిగితే బయటికొస్తుంది. అనుభవదారు కాలమ్‌లో నీలి సిరాతో మా నాయన పేరు ఏటేటా కనిపిస్తుంది. ఒక మిత్రుడు గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూపించాడు. చెలక మధ్యలో తెల్లటి చదరపు చుక్క, అది మా పాత రేకుల కప్పు. తేదీతో సహా ప్రింటు తీసి జత చేశాను. వారం టైము దాటినా గడువు అడిగి రాతపూర్వకంగా తీసుకున్నాను. ప్రతి కాగితానికీ ఇన్‌వార్డు ముద్ర వేయించుకున్నాను. ఎవరికీ ఒక్క రూపాయి లంచం ఇవ్వలేదు, గర్వంగానే చెబుతున్నాను. మీసేవ బయట కూర్చునే ఒకాయన నలభై వేలకు మొత్తం చూసుకుంటానన్నాడు. అలాంటివాళ్ళను గుమ్మం తొక్కనీయకండి.

విచారణ రోజు అరగంటలో తేలిపోయింది. చిన్న కొడుకు ఇది కౌలుకు ఇచ్చిన భూమి అన్నాడు. కౌలు తీసుకున్న రసీదు ఒక్కటైనా చూపమన్నారు, లేదు. సాక్షుల్లో బతికున్న తాత చేతికర్ర పట్టుకుని వచ్చి తన వేలిముద్ర తానే గుర్తుపట్టాడు. అమ్మినవాళ్ళు ఒప్పుకుంటూ అఫిడవిట్ ఇస్తే బాగుంటుందని మాకు ముందే చెప్పారు, దాని కోసం పెద్ద కొడుకు ఇంటికి నాలుగుసార్లు తిరిగాను, తలుపు తీయలేదు. ఆయన ఆరోజు వచ్చాడు. ఆర్డీవో మేడమ్ తెల్లకాగితం ఆయన ముందు పెట్టి, ఈ సంతకం ఎవరిదని అడిగింది. చాలాసేపు చూశాడు. తమ్ముడి వైపు చూడకుండా, "మా నాన్నదే మేడమ్. అమ్మిండని నాకు ఎరుకే" అన్నాడు. ఆ మనిషి మీద ఉన్న కోపమంతా అక్కడికక్కడే పోయింది నాకు.

ఒక హెచ్చరిక. మా పక్క చెలక ఆయనది అసైన్డ్ భూమి, అంటే పేదలకు సర్కారు ఇచ్చిన భూమి. ఆయన కూడా తెల్లకాగితం మీదే కొన్నాడు, మాకంటే ముందే. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మడానికే లేదు, అందుకే మా దారి ఆయనకు పనికిరాలేదు. తక్‌పట్టీలు వెతికే ముందు మీ భూమి ఏ రకమో చూసుకోండి.

చలానా కట్టేశాం, పాస్‌బుక్ రావాలి. ఈలోగా రేపు కరెంటు ఆఫీసుకు పోతున్నాను. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అడిగినా, అక్కడ ఉంటున్నవాళ్ళు అడిగినా కనెక్షన్ ఇవ్వాలి. అద్దెకున్నవాళ్ళకు యజమాని ఒప్పుకోలేదని కరెంటు ఆపొద్దని, అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే చూడాలని 2022 మే 13న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రింటు, 2009లో నాయిన పెట్టుకున్న దరఖాస్తు జిరాక్సు ఒకే కవరులో పెట్టుకున్నాను. సోలార్ మాకు చాలు. అయినా ఆ మీటరు మాకు కావాలి, మొదటి బిల్లు అమ్మ పేరు మీద రావాలి.