పొల్లు మీట

శనివారం. ఆరున్నరకు లాప్‌టాప్ బొత్తాం నొక్కి వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ పెట్టాను. కుక్కర్ మూడు కూతలు కూసింది, ఆవిరి దిగింది, పప్పు మెదపడం కూడా అయింది. ఇటు తెర మీద చుక్కలు మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. దీనికి అలవాటు పడిపోయాను. అది లేచేలోపు తాలింపు కూడా పెట్టేయవచ్చని లెక్క చూసుకునే బొత్తాం నొక్కుతాను.

నిదానాన్ని భరించగలను. భరించలేనిది డి మీట. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో తెలుగు కొట్టేవాళ్ళకు పొల్లు ఉండేది ఆ మీట మీదే. ఒత్తు రావాలంటే అదే దిక్కు. అది పడకపోతే అమ్మ కాస్తా ‘అమమ’, అక్క ‘అకక’. మూడు వారాలుగా మూడుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతోంది. పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టి ఇవ్వడం నా పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక రిటైర్డ్ మాస్టారి స్వీయచరిత్ర, 312 పేజీలు. వాళ్ళ నాన్నగారు జైలుకు వెళ్ళివచ్చారట, అందుకని పేజీకి నాలుగుసార్లు స్వాతంత్ర్యం వస్తుంది. ఆ ఒక్క మాటకు మూడు పొల్లులు. నా మీట లెక్కన తొమ్మిది దెబ్బలు. మాస్టారు తన జీవితాన్ని పొల్లుపోకుండా రాసుకున్నారు, తీరా నా దగ్గరికి వచ్చాక పోతున్నవన్నీ పొల్లులే.

బయటి కీబోర్డు తగిలించుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. తగిలించాను. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని ముందు కీబోర్డు, దాని ముందు రాతప్రతి, ఆ తర్వాత ఎక్కడో నేను. రెండు రోజులకే భుజాలు పట్టేశాయి. ఆ కీబోర్డును మళ్ళీ అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాను.

ఈ లాప్‌టాప్ 2016లో కొన్నది. మూత కీలు ఒకటి విరిగి నాలుగేళ్ళు అయింది. వెనక లావుపాటి నిఘంటువు ఆనిస్తే నిలబడుతుంది. బ్యాటరీ పేరుకే ఉంది, ప్లగ్గు తీస్తే పది నిమిషాలు. ఇవేవీ నన్ను కదిలించలేదు గానీ, పొల్లు పోయేసరికి ఇంట్లో చర్చ మొదలైంది. మా ఆయన కొత్తది వాయిదాల మీద తీసుకోమంటారు. ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ ఒకటి కొనుక్కోమంటుంది. ‘అమ్మా, టీ480 అయితే కీబోర్డు నీకు తప్పకుండా నచ్చుతుంది’ అని మూడు వారాల నుంచి ఒకటే పాట. అత్తయ్య ఇడ్లీ తింటూ, ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. డబ్బులిచ్చి ఇంకొకరి రోత తెచ్చుకుని దాన్ని వింత అనుకోవాలా?’ అన్నారు. జవాబు ఎవరికీ తోచలేదు. చట్నీ బాగుందన్నాను.

పదకొండు గంటలకు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని అరుంబాక్కంలో మెట్రో ఎక్కాను. సెంట్రల్లో దిగి, రైలు మారి, ఒక్క స్టేషను వెళ్తే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడి నుంచి నడిచి రిచీ స్ట్రీట్. చెన్నైలో వైరు ముక్క దగ్గరి నుంచి సీసీటీవీ దాకా ఏది కావాలన్నా ఎవరైనా చెప్పే చోటు ఇదే. పేరుకు వీధి గానీ నడిచేది మనుషుల భుజాల మధ్య నుంచి. నేల మీద గోనెపట్టా పరిచి పాత రిమోట్లు గుట్టగా పోసి అమ్ముతున్నాడు ఒకాయన. ఆ గుట్టలో తమ ఇంటి టీవీ రిమోట్ కోసం ఇద్దరు ముసలివాళ్ళు వంగి వెతుకుతున్నారు, కంది బేడల్లో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా. నాకు అక్కడే పది నిమిషాలు గడిచిపోయాయి.

లాప్‌టాప్‌ల దుకాణం మొదటి అంతస్తులో. వచ్చీరాని తమిళంలో నేను మొదలుపెట్టగానే కుర్చీలో ఉన్నాయన నవ్వి, ‘తెలుగులోనే చెప్పండమ్మా, మా తాతలది చిత్తూరు వైపే’ అన్నాడు. టీ480 ఉందా అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. ఈ వయసు ఆడవాళ్ళు మోడల్ నంబరుతో రారు కాబోలు. అమ్మాయి చెప్పి పంపిందని నేను చెప్పలేదు.

తెచ్చి ముందు పెట్టాడు. 2018 మోడల్, ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్. మూత మీద ఆఫీసు వాళ్ళు అంటించిన నంబరు చీటీ పీకేసిన జిగురు మరక. నేను ముందుగా చూసింది మీటల్ని. ఒక మనిషి చెప్పులు చూస్తే నడక తెలుస్తుంది, మీటలు చూస్తే పని తెలుస్తుంది. నా లాప్‌టాప్‌లో అరిగి అక్షరం చెరిగిపోయింది డి మీట. దీంట్లో నున్నగా మెరుస్తున్నవి ఎడమవైపు కంట్రోల్, సి, వి. ఎవరో గాని పాపం, ఏళ్ళ తరబడి ఒకచోట ఉన్నది తీసి ఇంకొకచోట అతికించారు. డి మాత్రం కొత్తదానిలా ఉంది. నోట్‌ప్యాడ్ తెరిచి, తెలుగు కీబోర్డు పెట్టించుకుని స్వాతంత్ర్యం అని కొట్టాను. మూడు దెబ్బలకు మూడు పొల్లులు పడ్డాయి. మీట వేలికి మెత్తగా లొంగి మళ్ళీ వేలిని పైకి లేపుతోంది. అమ్మాయి చెప్పింది నిజమే. ఆ మాటను ఊరికే ఇంకో నాలుగుసార్లు కొట్టాను.

తర్వాత సంచిలోంచి చీటీ తీశాను. అది కూడా అమ్మాయి రాసిచ్చిందే. మొదటిది, ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి, పాత కంపెనీ పాస్‌వర్డ్ ఇంకా ఉందేమో చూడాలి. అది ఉండిపోతే తాళం ఒకరి దగ్గర, ఇల్లు మన దగ్గర. లేదు, బాగానే ఉంది. రెండోది బ్యాటరీ. ఈ మోడల్‌కు రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి లోపల స్థిరంగా, ఒకటి వెనక, ఊడదీసి మార్చుకునేలా. పని చేస్తుండగానే వెనకది తీసి వేరేది పెట్టుకోవచ్చు, లోపలిది అంతసేపు మోస్తుంది. నివేదిక తీయిస్తే లోపలిది తయారైనప్పుడు 24 వాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కేది 15. మూడోది, డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూడాలి. 11,400 గంటలు. రోజుకు పది గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే నాలుగున్నరేళ్ళ కొలువు. మా ఆయన కన్నా నయం, పైకి అలసట కనిపించడం లేదు.

ధర 17,500. టెస్టింగ్ వారంటీ నెల రోజులు. బిల్లు అంటే ఇంకో ధర చెప్పాడు. అక్కడ కాస్త ముఖం మాడ్చుకున్నాను.

నాకు డబ్బు లెక్క రూపాయల్లో రాదు, పేజీల్లో వస్తుంది. ఇప్పటి యూనికోడ్ తెలుగులో కొట్టి, అను అనే పాత ఖతులకు (ఫాంట్లకు) మార్చి, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కట్టి ఇస్తే నాకు వచ్చేది పేజీకి 40 రూపాయలు. 17,500 అంటే 437 పేజీలు. మాస్టారి జీవితం మొత్తం కట్టినా సరిపోదు, ఆయన ఇంకో 125 పేజీలు బతికి రాయాలి.

పేజ్‌మేకర్ అంటే అమ్మాయి నవ్వుతుంది. దాని చివరి వెర్షన్, 7.0, వచ్చింది 2001లో. అమ్మాయి పుట్టక ముందుది. కానీ నాకు పని ఇచ్చే ప్రెస్సులు ఇప్పటికీ ఆ ఫైళ్ళే అడుగుతాయి. ఆ పాత ఖతుల్లో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లీషు అక్షరాల చోట కూర్చోబెట్టిన తెలుగు బొమ్మల్ని. ఖతి కుదరకపోతే పేజీ నిండా పిచ్చిగీతలే. నా లాప్‌టాప్‌లో ఆ ఖతులు, పేజ్‌మేకర్, మార్చే సాధనం ఒకదానితో ఒకటి రాజీపడి బతకడానికి ఒకప్పుడు రెండు రోజులు పట్టింది. సగం పుస్తకం చేతిలో ఉండగా ఆ కాపురాన్ని కొత్తింట్లోకి మార్చాలంటే గుండె దడ. టీ480 ముందు కూర్చుని మీటల మీద వేళ్ళు ఆడిస్తూనే ఇదంతా ఆలోచించాను. దుకాణం ఆయన కూడా తొందరపెట్టలేదు, టీ తెప్పించాడు.

టీ తాగుతూ నా లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కీబోర్డు అంచున చిన్న పట్టీతో నాలుగు క్లిప్పులు లేపాడు. అంతే, కీబోర్డు మొత్తం పైకి వచ్చేసింది, కింద ఒక సన్నటి రిబ్బను తీగ. పదేళ్ళుగా నేను తింటూ రాల్చిన మురుకుల చరిత్ర అంతా అక్కడ ఉంది. సిగ్గేసింది. ‘ఇది దొరుకుతుందమ్మా, 1,100. డిస్కు తీసి దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇంకో ఐదేళ్ళు లాగుతుంది’ అన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా, ఖతులూ పేజ్‌మేకరూ కదలకుండా, పాత డిస్కులోది కొత్తదానిలోకి నకలు తీస్తారట. నా దాంట్లో నిండింది 140 జీబీ కాబట్టి 256 జీబీది చాలు, 3,200. చేతికూలి 500. మొత్తం 4,800. అంటే 120 పేజీలు. ర్యామ్ కూడా పెంచుదామా అని అడిగితే ఆయనే వద్దన్నాడు. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్ళాక ధరలు మండిపోతున్నాయట. తన సరుకు వద్దని చెప్పే వ్యాపారిని చూసి చాలాకాలమైంది. బిల్లు దగ్గర మాడ్చుకున్న ముఖాన్ని కొంచెం సవరించుకున్నాను.

విడిభాగాలతో తీరని చిక్కు ఒకటే. నా దాంట్లో ఉన్న విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. నాది ఆరో తరం. ఎన్ని ఎస్‌ఎస్‌డీలు వేసినా తరం మారదు. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరాను కాబట్టి 2026 అక్టోబరు 13 దాకా గడువు ఉంది. ఈలోపు మాస్టారి పుస్తకం అచ్చుకు వెళ్తుంది, ఇంకోటి రావచ్చు. అప్పుడు ఇలాంటిదే ఒక టీ480 తీసుకుని ఇంటర్నెట్టు పనులన్నీ దాని మీద చేసుకోవాలి. పాతదానికి నెట్టు తీసేసి పేజీలు కట్టడానికే ఉంచాలి. ఇంట్లో చెబితే అందరూ తమ మాటే నెగ్గిందనుకుంటారు, మా ఆయన తప్ప.

4,800 ఇచ్చాను. నకలు తీయడానికి గంటన్నర పడుతుందన్నాడు. కిందికి దిగి చింతాద్రిపేట వైపు ఊరికే నడిచాను. ఈ పేట 1734 ప్రాంతంలో సుంకురామ అనే వర్తకుడి తోటలో వెలిసింది. కూవం నది వంపులో ఉన్న ఆ తోటలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు నేతగాళ్ళను తెచ్చి నిలబెట్టారు, తమ ఎగుమతి బట్టల కోసం. తమిళంలో చిన్న తరి పేట్టై, అంటే చిన్న మగ్గాల పేట. మగ్గం చప్పుడు ఎక్కడా వినిపించలేదు. ఒక సందులో మాత్రం ఒక కుర్రాడు అరుగు మీద కూర్చుని, తెగిన చార్జరు తీగను పోగు పోగుగా విప్పి అతుకుతున్నాడు. ఎండ మండుతోంది. రెండు నన్నారి షర్బత్తులు తాగి వెనక్కి తిరిగాను.

సాయంత్రం ఇంట్లో బొత్తాం నొక్కి, అలవాటు కొద్దీ కాఫీ పెట్టడానికి లేచాను. గిన్నె అందుకునేలోపే లోపలి నుంచి విండోస్ చప్పుడు వినిపించింది. అత్తయ్య, ‘అప్పుడే లేచిందే!’ అన్నారు, పెళ్ళికి వచ్చిన చుట్టాల్లో ఎవరో పొద్దున్నే స్నానం చేసి వచ్చినట్టు. టీ480 కొనలేదని తెలిసి అమ్మాయి మాట్లాడడం మానేసింది. అక్టోబరు సంగతి చెప్పాక మళ్ళీ మాట్లాడింది. దుకాణం ఆయన కార్డు వెనక ధర రాయించుకుని తెచ్చాను. అది నిఘంటువులో ‘ప’ దగ్గర పెట్టాను.

మాస్టారి పద్నాలుగో అధ్యాయం తెరిచాను. కొత్త మీటలు ఇంకా బిరుసుగా ఉన్నాయి. స్వాతంత్ర్యం అని కొట్టాను. తెర మీద స పక్కన పొల్లు, దాని పక్కన ఒక చుక్కల సున్న, దాని మీద ఇంకో పొల్లు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. మీట బాగానే ఉంది. మూడు వారాలుగా రెండేసి మూడేసి సార్లు నొక్కిన నా మధ్యవేలు ఒక్కసారితో ఆగడం లేదు. పదింటిదాకా కూర్చుని తొమ్మిది పేజీలు చేశాను, అదనపు పొల్లులు తుడుచుకుంటూ.