ఈ రోజు క్లాసులో రివ్యూలు

శనివారం. మూఢం నడుస్తోంది కాబట్టి ప్రెస్సులో శుభలేఖల పని పల్చగా ఉంది. మూడింటికే సిస్టమ్ కట్టేసి బయటపడ్డాను. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో లైను మారి అమీర్‌పేటలో దిగేసరికి నాలుగున్నర దాటింది. ఐదింటికి రివ్యూ. మా మల్టీమీడియా, వెబ్ డిజైన్ బ్యాచ్‌లో అందరి ప్రాజెక్టులూ అందరూ చూసి తలా ఒక ఫారం నింపాలి. రంగులు, లేఅవుట్, సృజనాత్మకత, ప్రెజెంటేషన్ అని గడులు, ఎదురుగా పదికి మార్కులు. అడుగున 'సూచనలు' అని రెండు గీతలు. ఆ రెండు గీతల మీద మావాళ్ళు రాసేది ఎప్పుడూ ఒకటే: చాలా బాగుంది, కీప్ ఇట్ అప్.

శుభలేఖలు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టుకునే సైటు నా ప్రాజెక్టు. పోయినసారి దానికి వచ్చిన ఫారాలు ఇంటికి తెచ్చుకుని చదివాను. పదికి తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. ఒకరు మాత్రం ఎనిమిదిన్నర వేశారు. ఆ అర మార్కు ఎక్కడ తెగిందో రాసి ఉంటే ఎంత పనికొచ్చేదో! "బాగుందక్కా" అంటే సంతోషమే. కానీ ఆ మాట పట్టుకుని సిస్టమ్ ముందు కూర్చుంటే ఏం మార్చాలో తెలియదు.

డీటీపీలో ఉన్నదాన్ని కాబట్టి దిద్దుబాట్లంటే నాకు బెరుకు లేదు. పెళ్ళివారికి ప్రూఫు ఇస్తే ఎర్ర పెన్ను గీతలతో తిరిగొస్తుంది. చి.ల.సౌ.లో ఒక చుక్క పోయింది, ముహూర్తం దగ్గర 'ఉ.' బదులు 'రా.' పడింది, పెదనాన్నగారి పేరు బాబాయి పేరు కంటే పైకి రావాలి. ఫలానా లైను, ఫలానా మాట అంటారే తప్ప "నీకు టైపింగ్ రాదు" అని ఎవరూ అనరు. ఇంకో గుర్తు కూడా ఉంది. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టారంటే, దాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచమని. నాకు ఆ చుక్కలంటే భలే ఇష్టం. మా క్లాసు రివ్యూల్లో లేనివి అవే. ఏది మార్చాలో చెప్పేవాళ్ళు తక్కువ, ఏది ముట్టుకోకూడదో చెప్పేవాళ్ళు అసలే లేరు. "హెడ్డింగ్ ఏదోలా ఉంది" అని ఒక ముక్క అంటే చాలు, పిల్లలు రాత్రికి రాత్రే టెంప్లేటంతా మార్చేసి, అందులో బాగున్నది కూడా పోగొట్టుకుని వస్తారు.

మొదట విజయవాడ అబ్బాయి సైటు. వాళ్ళ మేనమామ కొండపల్లిలో బొమ్మలు చేస్తాడు, వాటి కోసం పెట్టింది. తెర నిండా ఎర్ర రంగు, మధ్యలో పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో 'హ్యాండ్‌క్రాఫ్టెడ్ విత్ లవ్', ఆ వెనక మెల్లగా తిరిగే ఎడ్లబండి. క్లాసులో చప్పట్లు. ల్యాబ్‌లో వైఫై బాగుంటుంది కాబట్టి అన్నీ టక్కున తెరుచుకుంటాయి. నేను బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్లో 4జీ పెట్టి, అంటే నెట్ నెమ్మదిగా ఉన్నట్టు చేసి, మళ్ళీ లోడ్ చేయమన్నాను. ఎర్ర తెర వచ్చింది. హెడ్డింగ్ వచ్చింది. తర్వాత అందరం ఖాళీ చతురస్రాలు చూస్తూ కూర్చున్నాం. ఫోన్లో తీసిన ఫోటోలు తీసినట్టే పెట్టేశాడు, ఒక్కొక్కటి 4000 పిక్సెళ్ళ వెడల్పు, నాలుగైదు ఎంబీలు. పేజీ మొత్తం 36 ఎంబీ. చివరి ఫోటో వచ్చేసరికి మూడు నిమిషాలు పట్టింది. అంతసేపట్లో ఎవరైనా బొమ్మ కొనడం మానేసి రీల్సులోకి పోతారు.

పాపం, వాడి ముఖం చిన్నబోయింది. కానీ ఇది తేలిగ్గా తీరే సంగతే. 1200 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి, ఫోటో బరువు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే ఒక్కో ఫోటో రెండు వందల కేబీ లోపే వస్తుంది. ఆ మాటే చెప్పాను. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. "తమ్ముడూ, నాకు అంబారీ ఏనుగు కావాలి. ఎంత? ఎన్ని అంగుళాలు? ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగాను. వాడు పేజీ పైకీ కిందికీ తిప్పాడు. ధర ఎక్కడా లేదు. ఫోన్ నంబరు అడుగున, ఎరుపు మీద ముదురు గోధుమ రంగులో ఉంది.

అలా కిందికి తిప్పుతున్నప్పుడే ఆ ఫోటో కనబడింది. అరచేతిలో ముద్ద, రెండో చేతిలో తల అతకని ఏనుగు. తెల్లపొణికి కర్రతో ముక్కలు విడివిడిగా చెక్కుకుని, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారట. వాళ్ళ మామయ్య చేతులవి. గోళ్ళ సందుల్లో మక్కు కూడా కనిపిస్తోంది. ఫోకస్ అంత బాగా లేదని ఫుటర్ పక్కన పడేశాడు. ఫారం మీద మొదటి గీతలో అదే రాశాను: ఈ ఫోటోను ముట్టుకోకు, క్రాప్ చేయకు, ఫిల్టర్ వేయకు, పైకి తీసుకురా. రెండో గీతలో ధరలు. ఎరుపు గురించి ఏమీ రాయలేదు. నాకు నచ్చలేదు, అయితే నాకు నచ్చాల్సిన పని లేదు కదా.

తర్వాత గుడి సైటు. ఊళ్ళో బ్రహ్మోత్సవాల కార్యక్రమాల పట్టిక పెట్టాడు నల్గొండ అబ్బాయి. వాడి బాధంతా ఒక్కటే, పేజీ తెరవగానే మోగాల్సిన నాదస్వరం తన ల్యాప్‌టాప్‌లో మోగుతోంది, మిగతావాళ్ళ ఫోన్లలో మోగట్లేదు. కోడ్‌లో ఎక్కడో బగ్ ఉందని వారమంతా వెతికాడట. బగ్గూ లేదు, ఏమీ లేదు. చూసేవాళ్ళు ఎక్కడో ఒకచోట నొక్కేదాకా శబ్దం రానివ్వకుండా 2018 నుంచే క్రోమ్ ఆపేస్తోంది. సార్ ఆ మాట చెబితే వాడి ముఖం వెలిగిపోయింది. ఒక ప్లే బటన్ పెడితే సరి. బస్సులో కూర్చుని తెరిచినవాళ్ళు కూడా సంతోషిస్తారు.

వాడి పేజీలో నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పట్టికే. ఫోన్లో వేళ్ళతో పెద్దది చేస్తే అక్షరాలు అలికినట్టు అయిపోయాయి. ఎందుకో చూడగానే తెలిసింది, నా పని అదేగా. ప్రెస్సులో అనూ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత ఫాంట్లు) కొట్టిన కరపత్రం మ్యాటర్ తెచ్చుకున్నాడు. పేజీలో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. దాంతో స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా పెట్టేశాడు. సగం గుడి సైట్లూ, పంచాయతీ నోటీసులూ ఇలాగే ఉంటాయి. ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించేలా అన్ని భాషలకూ కలిపి పెట్టిన కోడ్ యూనికోడ్. 1991లో దాని మొదటి వెర్షన్ వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటుంది. అయినా మా ప్రెస్సుల్లో ఇప్పటికీ పాత ఫాంట్లే నడుస్తున్నాయి, ఈ విషయంలో మేమే అందరికంటే వెనకబడ్డాం. బొమ్మలో ఉన్న తెలుగును గూగుల్‌లో వెతికితే దొరకడం కష్టం. చూపు లేనివాళ్ళు తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని తెరిస్తే 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. కల్యాణం ఎన్నింటికో దానికి తెలియదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, తప్పులు కొన్ని వస్తాయి, కూర్చుని దిద్దుకోవాలి. సోమవారం పెన్‌డ్రైవ్ తెస్తే నేనే మార్చిస్తానన్నాను. ఫాంటుకు మండలి వాడమన్నాను, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. లైన్ల మధ్య ఎడం మాత్రం పెంచుకోవాలి. ఇంగ్లీషుకు సరిపోయే 1.2 (అక్షరాల సైజుకు అన్ని రెట్లు) పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుకుంటాయి, 1.7 దాకా పోవచ్చు.

బూడిదరంగు పోర్ట్‌ఫోలియో అమ్మాయితో ఎక్కువసేపు పట్టలేదు. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు, కోడ్‌లో 999999. "మినిమల్ అక్కా" అంది. కళ్ళజోడు తీసేస్తే నాకు పేజీ ఖాళీగా కనబడింది. వెబ్‌కు ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5 ఉండాలి. తన దానికి 2.85 వచ్చింది. కాస్త ముదురుగా 767676కు మారిస్తే 4.5 దాటుతుంది, అప్పుడూ బూడిదరంగే, అప్పుడూ మినిమలే. అంకె చూపిస్తే వాదన ఉండదు. అందుకే ఇలాంటి చోట్ల నా ఇష్టాయిష్టాలు చెప్పకుండా కాంట్రాస్ట్ చెకర్ తెరిచి పెడతాను.

ఇక్కడ వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి "ఇది రెడీమేడ్ టెంప్లేటే కదా" అన్నాడు. నిజమే. అయితే ఏంటి? ఆ మాట విని ఆ అమ్మాయి చేయగలిగింది ఏముంది, సిగ్గుపడటం తప్ప?

టీ బ్రేక్‌లో సార్‌తో చిన్న వాదన. ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో సవరణ, చివర మళ్ళీ మెచ్చుకోలు, అలా చెప్పమంటారు ఆయన. ఈ పద్ధతి ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది సార్, మొదటి పొగడ్త అవుతుండగానే 'అయితే' ఎప్పుడొస్తుందా అని బిగుసుకుని కూర్చుంటున్నారు అన్నాను. ఆయన నవ్వి, "నువ్వు ముక్కుసూటిగా చెబితే తట్టుకుంటారు, నీ వయసు అలాంటిది" అన్నారు. పొగిడారో వెక్కిరించారో ఇప్పటికీ తేలలేదు.

బ్రేక్ తర్వాత వీడియోలు. ఖమ్మం అమ్మాయి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల బజారు మీద నాలుగు నిమిషాల వీడియో చేసింది. టైటిల్‌లోనే 'పుస్‌తకాల' అని ఒత్తు విడిపోయి పడింది. ఫోటోషాప్‌లో చేసిందట. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే మన అక్షరాలకు అదే గతి. నిమిషంలో సరిచేసుకుంది. సౌండు దగ్గర కాస్త ఎక్కువ పని పడింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడిట్ చేసింది కాబట్టి తనకు అంతా వినిపించింది. ఫోన్ స్పీకర్లో పెడితే వెనక సంగీతంలో పుస్తకాలాయన మాట మునిగిపోయింది. మాట కంటే నేపథ్య సంగీతం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలని ఆ డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లోనే, బాగా కఠినమైన స్థాయిలో ఉంది. అంత కాకపోయినా సగం దూరమైనా పోవాలి. నన్నడిగితే సంగీతం మొత్తం తీసేసినా నష్టం లేదు, ఆ బజారు గోలే చాలు.

అందులో ఒక షాట్ ఉంది. కొనే కుర్రాడు ఒక పుస్తకం ఎత్తి "ఎంత?" అంటాడు. ఆయన పుస్తకం తీసుకుని వెన్ను చూస్తాడు, వెనక అట్ట చూస్తాడు, తర్వాత కుర్రాడి ముఖం చూస్తాడు. అప్పుడు ధర చెబుతాడు. మధ్యలో కట్ లేదు, మాట లేదు. ఇద్దరు ముగ్గురు "అక్కడ ల్యాగ్ ఉంది, ట్రిమ్ చెయ్" అన్నారు. ఆ అమ్మాయి అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచి కట్ చేయబోతోంది. వద్దని నేను కొంచెం గట్టిగానే అన్నాను. వీడియోలో వ్యాపారం అంటే ఏంటో తెలిసేది అక్కడే. కట్ చేయాల్సింది మొదట్లో పెట్టిన లోగో యానిమేషన్, గిరగిరా తిరిగి మెరుపులు కక్కేది. అది ఇరవై సెకన్లు ఉంటే ఎవరికీ ల్యాగ్ అనిపించలేదు, మనిషి ఆలోచిస్తుంటే మాత్రం అనిపించింది! సార్ కూడా నా వైపే ఉన్నారు. అమ్మాయి మాత్రం రెండు వెర్షన్లూ చేసి వాళ్ళ అన్నయ్యకు చూపించి తేల్చుకుంటానంది. మంచిదే.

నా వంతు వచ్చినప్పుడు ఫారాలు వద్దన్నాను. ఐదుగురితో వాడించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని, సైట్లు వాడటం ఎంత తేలికో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడని సార్ ఒకసారి చెప్పారు. ఐదుగురు కాకపోయినా ఒక్కరైనా దొరికారు కదా అని, ముందు వరస అమ్మాయి చేతికి ఫోన్ ఇచ్చి "రెండు వందల గృహప్రవేశం కార్డులు ఆర్డర్ పెట్టు" అన్నాను. పక్కన నిలబడి నోరు మూసుకోవడం ఎంత కష్టమో! డిజైన్ ఎంచుకోవడం, కవరు ఎంచుకోవడం గబగబా అయిపోయాయి. మ్యాటర్ టైపు చేసే గడి దగ్గర ఆగింది. ఫోన్లో తెలుగు కీబోర్డు లేదు. కాసేపు చూసి "కాగితం మీద రాసి ఫోటో పెడితే కాదా అక్కా?" అంది. మా కస్టమర్లు రోజూ చేసేది అదే, వాట్సాప్‌లో చేతిరాత ఫోటో పంపి ఫోన్ చేస్తారు. గడి పక్కన ఫోటో పెట్టే బటన్ ఒకటి రావాలి. ఎనిమిదిన్నర మార్కులు వేసింది తనేనని కూడా అప్పుడే తెలిసింది. ఆ అర మార్కు దేనికని అడిగితే, "అందరూ తొమ్మిది వేస్తున్నారని" అంది.

ఇంటికొచ్చి అన్నం తింటుండగా కొండపల్లి సైటు కొత్త లింకు వచ్చింది. పేజీ ఇప్పుడు 2 ఎంబీ కూడా లేదు. చేతుల ఫోటో పైన ఉంది, క్రాప్ చేయలేదు. ఎరుపు ఎరుపులాగే ఉంది. ధరలు మాత్రం ఇంకా లేవు, 'త్వరలో' అని పెట్టాడు. ఫోన్ నంబరు నొక్కితే నేరుగా కాల్ వెళ్తుందో లేదో చూద్దామని నొక్కాను. వెళ్ళింది. వాళ్ళ మామయ్యే ఎత్తారు. "చెప్పండమ్మా, ఏం కావాలి?" అన్నారు. పెట్టేయడానికి మనసొప్పక అంబారీ ఏనుగు ఎంతండీ అని అడిగాను. ఓపికగా మూడు సైజులకూ ధరలు చెప్పారు. దశావతారాల సెట్టుకూ, ఎడ్లబండికీ కూడా అడిగి రాసుకుని, ఆ కాగితం ఫోటో తీసి వాడికి పంపాను, రేపటికల్లా పేజీలో పెట్టమని.