రోజుకి ఎన్ని గంటలు చదవాలి అని మా అక్క అడిగింది

మా అక్క ఫోన్ చేసిందంటే ముందు కూరల రేట్లు, తర్వాత మా బావ మీద కంప్లైంట్లు, ఆఖర్న అసలు విషయం. 2024 డిసెంబర్లో మాత్రం డైరెక్ట్‌గా అడిగీసింది, "ఒరే, టెన్త్‌లో మంచి మార్కులు రావాలంటే రోజుకి ఎన్ని గంటలు చదవాల్రా?" అని. నేను ఆఫీసులో ఉన్నాను, ఎదురుగా బిల్లుల కట్ట, ఏదో ఒకటి చెప్పి పెట్టీద్దామని ఆరు గంటలు అనీసేను. అదే తప్పయిపోయింది. పక్కింటావిడ పన్నెండు అందట, స్కూల్లో సారు ఎనిమిది అన్నార్ట, యూట్యూబ్‌లో ఎవడో పదహారు అన్నాడట, సొంత తమ్ముడు ఆరంటున్నాడు, అంటే తమ్ముడికి మేనల్లుడంటే పట్టింపు లేదన్నమాట. అక్కడికి తేలింది లెక్క.

సరే అని ఆదివారం పొద్దున్నే విజయనగరంలో పలాస పాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో దిగేను. (స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు ఊరొచ్చీసిందనుకుని దిగి తెల్లమొహం వేస్తారు, అది వేరే కథ.) ఇంట్లోకెళ్తే గోడ మీద టైం టేబుల్, స్కెచ్ పెన్నుల్తో నాలుగు రంగులు. నాలుగింటికి లేవాలి, నాలుగుంపావుకి మేథ్స్, రాత్రి పదకొండుకి పడక. స్కూలూ, స్కూల్లో స్టడీ అవరూ, ఇల్లూ అన్నీ కూడితే పద్నాలుగు గంటలు. స్నానానికి పది నిమిషాలు, టిఫినుకి పది. ఆట అన్న మాట ఏ రంగులోనూ లేదు.

గుంటడు బుద్ధిమంతుడే, ఎవరూ చెప్పకుండానే టేబుల్ ముందు కూర్చున్నాడు. నేను పేపర్ చదువుతున్నట్టు పక్కన కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసేను, పుస్తకం మీద కన్నున్నంతసేపు నడిపి కన్ను తీస్తే ఆపడం. సోషల్ పుస్తకం తీసేడు. పెన్సిల్ ముల్లు విరిగింది, చెక్కేడు. నీళ్లకి లేచేడు. గోడ మీద పిల్లి పోతే అది ఎవరింటి పిల్లో వాళ్ల చెల్లితో కాసేపు డిస్కషన్. గంటయ్యాక చూస్తే స్టాప్‌వాచ్‌లో ముప్పయ్యొక్క నిమిషం. మూడు పేజీలు అయ్యాయి, అండర్‌లైన్ లేని లైను కోసం వెతకాల్సొచ్చింది.

పుస్తకం నేను తీసీసుకుని, "సహాయ నిరాకరణ ఉద్యమాన్ని గాంధీగారు ఎందుకు ఆపీసేర్రా?" అని అడిగేను. "చౌరీచౌరా మావయ్యా" అన్నాడు ఠకీమని. మరి చౌరీచౌరాలో ఏటయింది? పైకి చూసేడు, ఫ్యాన్ వైపు. జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టీసేరనీ, 1922 ఫిబ్రవరిలో అనీ, అందులో పోలీసులు చనిపోయేరనీ, ఉద్యమం హింసలోకి పోతోందని ఆయన వెనక్కి తగ్గేడనీ, ఇవన్నీ వాడు అరగంట కింద గీతలు కొట్టిన ముక్కలే. "చదివీసాను మావయ్యా, చూస్తే అన్నీ తెలుస్తున్నాయి, మూస్తే వస్తల్లేదు" అన్నాడు.

చూస్తే తెలుస్తున్నాయి, మూస్తే రావట్లేదు. నాకు పదేళ్ల కిందటి నేనే కనబడ్డాను.

నేను 2015లో రాసేను టెన్త్, అప్పటికి పదకొండు పేపర్లు, మార్కులు కాదు గ్రేడులు. మా నాన్న కాశీబుగ్గ నుంచి తీసుకెళ్లి ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పడీసేడు, పేరెందుకులెండి. పొద్దున్న అయిదుకి విజిల్, రాత్రి పదిన్నరకి లైట్లాఫ్, మధ్యలో స్టడీ అవర్లే స్టడీ అవర్లు. ఇంటికొస్తే రోజుకి పదమూడు గంటలు చదువుతున్నాం అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నిజమేటంటే పుస్తకాన్ని నిలబెట్టి దాని వెనక కళ్లు తెరిచి నిద్రపోయే విద్య ఒకటి నాకు అక్కడే పట్టుబడింది, వార్డెన్ బూటు చప్పుడుకి పేజీ తిప్పడంతో సహా.

పరీక్షలకి ముందు, 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను వచ్చి విజయనగరం అంతా చీకటి, మమ్మల్ని ఇళ్లకి పంపీసేరు. కాశీబుగ్గలో మా వెనక వీధిలో ఒక అమ్మాయి, నా ఈడుదే, జెడ్‌పీ హైస్కూలు. వాళ్లమ్మ జీడిపప్పు పనికి వెళ్లేది, పొట్టు తీసే పని ఇంటికి కూడా తెచ్చుకునేది. సాయంత్రం అరుగు మీద తల్లి చాటలో పప్పు పోసుకుని పొట్టు తీస్తుంటే పక్కన ఈ అమ్మాయీ తీస్తూ పాఠం అప్పచెప్పేది. పుస్తకం చేతిలో ఉండదు, రెండు చేతులూ పనిలోనే కదా. తల్లికి అక్షరం ముక్క రాదు. కానీ పక్కన ఒక కొబ్బరిచిప్ప నిండా పెరట్లో చెట్టు జీడిపిక్కలుండేవి, కూతురు ఒక పాయింట్ చెప్తే ఒక పిక్క తీసి పక్కన పెట్టేది. ఒకరోజు నేను అక్కడ ఉండగానే "ఆపు ఆపు, మొన్న ఆరు పిక్కలయినాయి గదే, ఇయ్యేల అయిదే ఉన్నాయేటి? ఒకటి మింగీసినావు" అంది. ఆ పిల్ల తల పట్టుకుని ఆలోచించి ఆలోచించి ఆరోది చెప్పింది, అప్పటికిగానీ ఆవిడ వదల్లేదు. నాకప్పుడు నవ్వొచ్చింది. చదువు రానావిడ పాఠం అప్పచెప్పించుకోడం ఏటని.

ఆ అమ్మాయికి పదికి 9.5 వచ్చింది, నాకు 8.8. నా పదమూడు గంటలకి ఆ పిల్ల ఇంట్లో చదివింది రోజుకి రెండు గంటలు, మహా అయితే రెండున్నర.

చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివేను, అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజీవాళ్లు 2006లో ఇదే సంగతి కాలేజీ పిల్లల మీద చేసి చూసేరు. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివేరు. ఇంకో గుంపు ఒకసారే చదివి, మూసీసి, మూడుసార్లు గుర్తున్నంతా రాసేరు. అయిదు నిమిషాలకి అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లే ముందు. వారం పోయాక అడిగితే తల్లకిందులైపోయింది, చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంటే మూసి రాసినవాళ్లకి 61. నాకిందులో బాగా నచ్చిన ముక్క ఆ అయిదు నిమిషాలదే. ఎందుకంటే పిల్లలు మోసపోయేది అక్కడే, చదివిన వెంటనే అన్నీ వచ్చీసినట్టే ఉంటాది, పరీక్ష మాత్రం వారం తర్వాతో మూడు నెలల తర్వాతో వస్తాది. జీడిపిక్కలావిడకి ఈ రిసెర్చి ముక్క తెలీదు, అయినా పద్ధతి అదే.

ఇదంతా మా అక్కకి చెప్తే "కథలు సెప్పకు, గంటలెన్నో సెప్పు" అంది. అందుకని పేపర్ లెక్క తీసేను. ఒక పేపరు వంద మార్కులు, టైం మూడుంపావు గంట, అందులో పావుగంట ప్రశ్నలు చదువుకోడానికే. రాయడానికి 180 నిమిషాలు. మేథ్స్, సోషల్ అయితే ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి అయిదు, మొత్తం 33 ప్రశ్నలు. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకి పద్నాలుగు నిమిషాలకి మించి ఇస్తే చివర్లో ఏదో ఒకటి వదిలీడమే. సైన్సయితే ఫిజికల్ సైన్స్, బయాలజీ విడివిడిగా యాభయ్యేసి మార్కులు. మేనల్లుడ్ని అడిగేను, "ఇప్పటిదాకా ఇంట్లో ఎప్పుడైనా మూడు గంటలు ఆగకుండా రాసేవురా?" అని. లేదన్నాడు. పద్నాలుగు గంటల టైం టేబుల్లో రాయడం అన్న గడి ఒక్కటీ లేదు మరి.

అప్పుడే త్రిభుజాల చాప్టర్లో థేల్స్ సిద్ధాంతం పుస్తకం చూడకుండా నిరూపించమన్నాను. బొమ్మ బ్రహ్మాండంగా వేసేడు, స్కేలూ పెన్సిలూ. దత్తాంశం రాసేడు. రెండు లైన్లు నడిచింది, ఆ లంబాలు ఎందుకు గీస్తామో గుర్తు రాలేదు, ఆగిపోయేడు. ఇరవైరెండు నిమిషాలు. ఏడుపు మొహం పెట్టేడు, పోనీలే అన్నాను కానీ లోపల సంతోషించేను, ఎందుకంటే ఆ ఆగిపోయిన చోటు మార్చిలో హాల్లో కాకుండా డిసెంబర్లో ఇంట్లో దొరికింది.

గంటల సంగతి కూడా చెప్పీస్తాను, అడిగేవాళ్లు ఊరుకోరు. నా మట్టుకి, స్కూలు కాక ఇంట్లో జూన్ నుంచీ రోజుకి రెండు గంటలు గట్టివి ఉంటే చాలు, గట్టివి అంటే ఫోన్ వేరే గదిలో ఉండి పుస్తకం సగంసేపు మూసి ఉండేవి. సంక్రాంతి వెళ్లాక నాలుగు. పరీక్షల నెలలో అయిదో ఆరో. ఎనిమిది గంటలు కాకపోయినా ఏడు గంటలు నిద్ర. నాలుగింటికి లేచి పుస్తకం మీద జోగే పిల్లాడు చదువుతున్నట్టు కాదు, వాళ్లమ్మకి తృప్తి కలిగిస్తున్నట్టు. (ఈ ముక్క మా అక్క ముందు అనలేదు.) పాసయితే చాలనుకునే పిల్లల లెక్క మళ్లీ వేరు, 35 కావాలి, హిందీకయితే 20, వాళ్లు అన్ని చాప్టర్ల వెంట పరిగెత్తకుండా వచ్చిన నాలుగు చాప్టర్లే మళ్లీ మళ్లీ రాసుకోడం నయం.

ఇంకొకటి, పాత గైడ్లు. పక్కింటి కుర్రాడు 2024లో పాసయితే వాడి మేథ్స్ గైడు మా అక్క జాగ్రత్తగా దాచి ఆ మే నెలంతా వీడి చేత సమితులు చేయించింది. వెన్ రేఖాచిత్రాలు ఒక నోట్సు నిండా. జూన్‌లో కొత్త పుస్తకాలిచ్చేరు, ఆ ఏడాది నుంచే టెన్త్‌కి ఎన్సీఈఆర్టీ, చూస్తే అందులో సమితులన్న చాప్టరే లేదు. మండుటెండల్లో నెల రోజులు గుంటడు లేని పాఠం చదివేడు. గంటలు లెక్కేస్తే అవీ గంటలే కదా, రిజిస్టర్లో ఎక్కుతాయి.

టైం టేబుల్ చింపమంటే అక్క ఒప్పుకోదని దాని పక్కనే ఇంకో కాయితం అంటించేను, తేదీ, ఏ ప్రశ్న, మూసి రాస్తే ఎన్ని పాయింట్లు వచ్చేయి, అంతే. జీడిపిక్కల కథ విన్నాక అక్కకీ ఉత్సాహం వచ్చీసింది, కాకపోతే ఇంట్లో పిక్కల్లేవు, వేరుశెనగ గుళ్లు తీసింది. మొదటి రాత్రి సోషల్ అప్పచెప్తే ఏడు పాయింట్లకి నాలుగు గుళ్లే మిగిలేయి. చూస్తే చిన్నది పక్కన కూర్చుని నముల్తోంది. "అమ్మా, ఇది నా పాయింట్లు తినీసింది" అని వాడు అరుపు, నేను ఫోన్లో విని పడీపడీ నవ్వేను.

జనవరి నుంచి ప్రతి ఆదివారం ఒక మోడల్ పేపరు, పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండుముప్పావు దాకా, అసలు పరీక్ష టైంకే. మొదటివారం రెండు ఎనిమిది మార్కులవి ముట్టుకోలేదు, చెయ్యి నొప్పన్నాడు. ఫిబ్రవరి చివరికి పదినిమిషాలు మిగిలించి మళ్లీ చూసుకునేదాకా వచ్చేడు. నేను వెళ్లింది మొత్తం మీద అయిదుసార్లే, మిగతాదంతా వాళ్లమ్మా వాడూ పడ్డ పాట్లు.

మార్చి 17న పరీక్షలు మొదలయ్యేయి, ఏప్రిల్ 23న రిజల్ట్స్. స్టేట్ మొత్తం 81.14 శాతం పాసయితే పార్వతీపురం మన్యం 93.90తో వరసగా మూడో ఏడాది ఫస్టు. 2022 దాకా మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కలిసున్న ఏజెన్సీ ఊళ్లే అవి, కార్పొరేట్ స్కూళ్ల ఫ్లెక్సీలు ఊరికి నాలుగేసి కట్టే పెద్ద టౌన్లన్నీ వెనకే. ఆ సంగతి మాత్రం వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

మావాడికి 511 వచ్చేయి 600కి. నేనయితే గంతేసేను, ఎందుకంటే హాఫియర్లీలో వాడిది అరవై శాతం. అక్క మాత్రం ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ మీద ఆశ పెట్టుకుంది, గవర్నమెంట్ స్కూలు పిల్లలకి 4 శాతం కలుపుతారు కదా అని నోట్‌బుక్‌లో లెక్కలు కట్టీసుకుంది, అయినా అందలేదు. ఇంటర్ ఎంపీసీలో చేర్చేరు. "ఇంకో గంట కూర్చునుంటే వచ్చీదిరా" అంది నాతో. మళ్లీ గంటలకే వచ్చింది, ఏం చేస్తాం.

చిన్నది కూడా టెన్త్‌కి రావడానికి ఇంకెంతో లేదు. పోయినసారి ఇంటికెళ్లినప్పుడు కాశీబుగ్గ నుంచి ఒక సంచెడు పచ్చి జీడిపిక్కలు తెచ్చి అక్కకిచ్చేను. ఇవయితే కొరికితే మూతి కాల్తుంది, పాయింట్లు ఎక్కడివక్కడే ఉంటాయి.