పుట్టకొక్కుల వేట: ఈ వానాకాలం ఇప్పటిదాకా

మృగశిర కార్తెలో మా ఏలేశ్వరం వైపు వాన పేరుకే పడింది, నేల పైపైన తడిసిందంతే, గట్లన్నీ తిరిగినా ఒక్క పుట్టకొక్కు (చెదపుట్టల మీద లేచే పుట్టగొడుగు) లేదు. ఆరుద్రలో వరసగా కురిసి పగలు ఉక్కపోత పట్టాక జీడిమామిడి తోటల్లో లేచాయి. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే విచ్చుకుపోతాయి, పురుగు కూడా పడుతుంది.

ఈ ఏడాది నా రూల్ ఒకటే: పుట్టకొక్కు తప్ప ఇంకేదీ బుట్టలోకి రాదు. పైన మాత్రమే చూసి పీకితే గుర్తుపట్టే అసలు భాగం మట్టిలోనే ఉండిపోతుంది, అందుకే మా బాబాయ్ "వేరు చూడకుండా కొయ్యకురా" అని వెంటపడతాడు. చిన్న గునపంతో పక్కనుంచి తవ్వితే కాడ సన్నబడుతూ వేరులా లోపలికి దిగుతుంది, అది కింద చెదపురుగులు పెంచుకునే బూజు తోట దాకా పోతుంది, అంత దాకా తవ్వక్కర్లేదు, తవ్వకూడదు కూడా, పుట్ట పాడవకపోతే వచ్చే ఏడు మళ్లీ అక్కడే వస్తాయి. గొడుగు మధ్యలో గట్టి మొన ఉంటుంది, విచ్చుకున్నాక అంచులు చీలతాయి. కాడ అడుగున గుడ్డు పెంకులాంటి తిత్తి కనిపించిందా, వదిలెయ్యడమే, అమానిటా అనే పుట్టగొడుగు జాతి అయ్యుండొచ్చు. దాంట్లో ప్రాణం తీసే రకాలున్నాయి, ఆ విషం ఉడికించినా పోదు, వాంతులు మొదలవడానికే 6 గంటలు పైన పడుతుంది, మధ్యలో తగ్గినట్టు అనిపించి తర్వాత లివర్ మీద దెబ్బ కొడుతుంది. వెండి చెంచా నల్లబడలేదనో, పురుగు తిన్నదనో నమ్మి వండేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంట్లో ఇంకో చెక్: కాడ కోసేసి గొడుగుని బోర్లించి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద పెట్టి గిన్నె మూస్తా, తెల్లారేసరికి గొడుగు కింద నుంచి పొడి (స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి) రాలుతుంది. పుట్టకొక్కుకి లేత గులాబీ కలిసిన మీగడ రంగు. లాన్లలో, పశువులు మేసే గడ్డిలో వచ్చే పెద్ద తెల్ల గొడుగుకి ఆకుపచ్చ పొడి రాలితే అది క్లోరోఫిల్లమ్ అనే విషపు పుట్టగొడుగు, తిన్న కాసేపటికే వాంతులు విరేచనాలు.

వెదురు బుట్టే బెస్ట్, పాలిథిన్ కవర్లో చెమటపట్టి కుళ్లిపోతాయి. మట్టి చాకుతో గీకి, ఉల్లిపాయ పచ్చిమిర్చితో బాగా మగ్గనిచ్చి, అదే రోజు తినేస్తాం, తెలిసినదైనా మొదటిసారి తినేవాళ్లకి రెండు ముక్కలే. ఒక పచ్చిది కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచుతా, ఎవరికైనా తేడా చేస్తే దాన్ని పట్టుకుని హాస్పిటల్‌కి పోవచ్చని.

ఇప్పుడు పుష్యమి నడుస్తోంది, గడ్డివాము దగ్గర వరిగడ్డి పుట్టగొడుగులు లేస్తున్నాయి. వాటికీ అమానిటాలాగే అడుగున తిత్తి ఉంటుంది కాబట్టి, పొడి గులాబీ రంగులో రాలి అమానిటా కాదనిపించినా సరే, ఈ ఏడాదికి ఫోటోలు తీసుకోవడం వరకే.